బుడమేరు వరదలో మునిగిన బాలికల హోమ్: మళ్లీ కట్టించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కృష్ణలంక వాసి
21 సెప్టెంబర్ 2024, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరి పేట ఎలా మునిగిపోయాయో మీరంతా చూసే ఉంటారు. అటువైపే ఒక చిన్న బాలికల హోమ్ ఉంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా 36 మంది ఆడపిల్లలు. మా కాలేజీ బ్యాచ్ వాళ్లం కొన్నేళ్లుగా అక్కడ ఫీజులు, పుస్తకాలు చూసుకుంటున్నాం. నిర్వాహకుల అనుమతి తీసుకోలేదు కాబట్టి హోమ్ పేరు ఇక్కడ రాయడం లేదు.

ముందుగా మంచి మాట చెప్తాను. పిల్లలంతా క్షేమం. ఆదివారం పొద్దున నీళ్లు గుమ్మం దాటగానే ఆయమ్మలు వాళ్లను పక్కింటి మేడ మీదకు ఎక్కించారు. మర్నాడు పడవల్లో బయటకు తెచ్చారు. ఇప్పుడు అధికారులు వేరే హోమ్‌లో సర్దారు.

నీళ్లు తీశాక మేం వెళ్లి చూశాం. గోడ మీద నా భుజం ఎత్తున నల్లటి చార. ఫైరింజన్‌తో కడిగి వెళ్లాక కూడా మూలల్లో ఒండ్రు అలాగే ఉంది. పరుపులు నీళ్లు పీల్చేసి ఒక్క మనిషికి కదలడం లేదు. బియ్యం బస్తాలు పులిసి గది నిండా వాసన. వెనకాల రేకుల షెడ్డులోనే వంట, భోజనాలు. దాని గోడ ఒకవైపు పూర్తిగా ఒరిగిపోయింది. పిల్లల టీసీలు, అడ్మిషన్ రిజిస్టర్ కాగితాలు విడదీసి, బట్టలారేసే తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరబెడుతున్నారు. ఒక్కో కాగితం మీద సిరా కారిపోయి పేర్లు కలిసిపోయాయి.

గ్రూపులో అందరూ "మనమే కట్టించేద్దాం" అంటున్నారు. ఇక్కడున్నవాళ్ల నుంచి 12 లక్షల దాకా వస్తుందని అంచనా. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకా వేస్తామంటున్నారు. మనసు అందరిదీ మంచిదే, కానీ ఎవరికీ ఇలాంటి పని చేసిన అనుభవం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే ఆ పిల్లలు నన్ను "ఎప్పుడు వెళ్తాం అన్నయ్యా" అని అడుగుతున్నారు.

బందరు బాబాయి
21 సెప్టెంబర్ 2024, రాత్రి 10:05

చాలా మంచి పని తలపెట్టావు బాబూ. నా వంతు ఐదు వేలు రాసుకో. అకౌంట్ నంబర్ ఇక్కడే పెట్టు.

నిర్వాహకులు
21 సెప్టెంబర్ 2024, రాత్రి 10:31

దయచేసి ఎవరూ అకౌంట్ నంబర్లు, క్యూఆర్ కోడ్‌లు ఇక్కడ పెట్టవద్దు. విపత్తు సమయంలో నకిలీ విరాళాల లింకులు చాలా తిరుగుతాయి. హోమ్ వివరాలు సరిచూసుకున్నాక ఎవరికి వారు నేరుగా సంస్థ అకౌంట్‌కే పంపుకోవడం మంచిది. చర్చ మాత్రం కొనసాగించండి, చాలామందికి పనికొచ్చే విషయం.

లెక్కల పద్దు
22 సెప్టెంబర్ 2024, ఉదయం 7:50

నేను సీఏని. ట్రస్టుల ఆడిట్లు చేస్తుంటాను. తమ్ముడూ, ఇటుక గురించి ఆలోచించే ముందు కాగితాలు చూడు. దీన్ని అనుమానించడం అనుకోకు, పిల్లల బాగు కోసమే ఇది.

మొదటిది, జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కింద, సెక్షన్ 41 ప్రకారం ఆ హోమ్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. తమిళనాడు అనాథాశ్రమాల కేసులో సుప్రీంకోర్టు 2017 మేలో ఇచ్చిన తీర్పులో కూడా దేశంలోని పిల్లల హోములన్నీ ఆ ఏడాది చివరికల్లా రిజిస్టర్ కావాలని చెప్పింది. సర్టిఫికెట్ గడువు ఎప్పటి దాకా ఉందో, ఎంతమంది పిల్లలకు అనుమతి ఉందో చూడు.

రెండోది, ఆ స్థలం ఎవరిది? ట్రస్టు పేరునా, వ్యవస్థాపకుల సొంత పేరునా, లీజా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) తీయించు. దాతల డబ్బుతో మంచి బిల్డింగ్ లేచాక, స్థలం యజమాని వారసులు వచ్చి ఖాళీ చేయమన్న కేసు నా కళ్లతో చూశాను. అక్కడి పిల్లలు పరీక్షల ముందు మకాం మార్చాల్సి వచ్చింది.

మూడోది పన్ను సంగతి. విరాళాలకు ఇచ్చే 80జి మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వస్తుంది, కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు రాదు. నగదు 2 వేలు దాటితే మినహాయింపు లేదు. బియ్యం, దుప్పట్లు, సిమెంటు బస్తాలుగా ఇచ్చినా లేదు. రసీదుతో పాటు ఆర్థిక సంవత్సరం అయ్యాక ట్రస్టు ఫారం 10బీఈ (విరాళం సర్టిఫికెట్) ఇవ్వాలి. మీ బ్యాచ్ డబ్బంతా నీ సొంత అకౌంట్‌లోకి చేర్చుకుని నువ్వు ఒక్కసారిగా ఇస్తే, మిగతావాళ్లెవరికీ సర్టిఫికెట్ రాదు. పైగా నీ అకౌంట్‌లోకి వచ్చిన మొత్తానికి నువ్వే జవాబు చెప్పుకోవాలి. ఎవరిది వాళ్లు ట్రస్టు అకౌంట్‌కే వేయడం మేలు.

పలాస జీడితోట
22 సెప్టెంబర్ 2024, ఉదయం 11:15

మాది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి చెట్లు వరసగా పడిపోయాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. అప్పుడు మాకు వచ్చిన సాయం గురించి ఒక మాట చెప్తాను.

లారీల్లో బట్టలు వచ్చాయి. పాతవి, చిరిగినవి, చలికాలం కోట్లు కూడా. రోడ్డు పక్కన కుప్పలు పోసి వెళ్లిపోయారు. వానకు తడిసి అక్కడే కుళ్లాయి. మాకు కావలసింది మంచినీళ్లు, జనరేటర్ డీజిల్, రేకులు, దోమతెరలు. కరెంటు లేక బోర్లు ఆడక ఆడవాళ్లు ఎంత దూరం వెళ్లి నీళ్లు తెచ్చుకున్నారో!

మా పక్క ఊళ్లో ఒక చిన్న హాస్టల్‌కు సిమెంటు రేకులు ఎగిరిపోయాయి. దాతలు వెంటనే మళ్లీ రేకులే వేయించారు, అవే పాత కర్రల మీద, అవే మేకులతో. ఫొటోలు దిగారు. ఆ తర్వాత గాలివాన వచ్చిన ప్రతిసారీ పిల్లలు మంచాల కింద దూరతారని అక్కడి వంటమనిషి చెప్పింది. కాబట్టి మీరు కట్టించేది ముందున్న దానికంటే గట్టిగా ఉండాలి. పోయినదాన్ని పోయినట్టే మళ్లీ పెడితే మళ్లీ అదే గతి.

తాపీ లెవెల్
22 సెప్టెంబర్ 2024, రాత్రి 8:20

సైట్ ఇంజనీర్‌ని. గుంటూరు, విజయవాడల్లోనే పని. పలాస అన్న చెప్పింది అక్షరాలా నిజం.

వాసి గారూ, ముందు ఇది చెప్పండి: ఆ మెయిన్ బిల్డింగ్‌కు కాంక్రీటు పిల్లర్లు ఉన్నాయా, గోడల మీదే శ్లాబు నిలబడి ఉందా? పాత ఇళ్లు చాలావరకు గోడల మీద నిలబడేవే. అలాంటి గోడలు రోజుల తరబడి నీళ్లలో నానితే కింది వరసల్లో ఇటుక మెత్తబడుతుంది. మన వైపు నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఇప్పుడు కనిపించని పగుళ్లు మార్చి, ఏప్రిల్‌లో కనిపిస్తాయి. అందుకని ఎవరూ తొందరపడి ప్లాస్టరింగ్, పెయింటింగ్ చేయించకండి. గోడ పూర్తిగా ఆరాలి. తడి గోడకు రంగు వేస్తే ఉప్పు పేరుకుని పొరలు పొరలుగా ఊడిపోతుంది, డబ్బు దండగ.

"పైన ఒక అంతస్తు వేసేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గోడల మీద నిలబడే పాత కట్టడం మీద, అందులోనూ నానిన దాని మీద, పై అంతస్తు వేయడం ప్రమాదం. కొత్తగా కడితే రేగడి నేలకు అండర్ రీమ్‌డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండి లోతుకు దిగే కాంక్రీటు స్తంభాలు) లాంటి పునాది, కాంక్రీటు పిల్లర్లు, కింద స్టిల్టు (గోడలు లేకుండా పిల్లర్ల మధ్య ఖాళీ జాగా) వదిలేసి పడక గదులు మొదటి అంతస్తులో. కరెంటు మీటరు, మెయిన్ బోర్డు, ఇన్వర్టర్ వరద చారకు పైన. మేడ మీదకు మెట్లు బయటి వైపు నుంచి ఉండాలి, తాళం తీసే అవసరం లేకుండా. ఈసారి ఆ పిల్లల్ని కాపాడింది పక్కింటి మేడ. వాళ్ల మేడ వాళ్లకే ఉండాలి.

ఖర్చు సంగతి. పిల్లల హోములకు కేంద్రం 2016లో తెచ్చిన మోడల్ రూల్స్ చూస్తే పడక గదిలో ఒక్కో బిడ్డకు 40 చదరపు అడుగులు. మీ 36 మందికి పడక గదులే 1440 అడుగులు. ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది. అంటే ఆరు, నాలుగు. వంటగది, భోజనాల హాలు, చదువుకునే గది, జబ్బు చేసినవాళ్లకు గది, ఆఫీసు. 50 మంది హోమ్‌కు ఆ రూల్స్ ప్రకారం మొత్తం 8,495 చదరపు అడుగులు కావాలి. అవసరమైన వాటితోనే సరిపెట్టుకున్నా మీకు 3,500 అడుగులు తప్పదు. ఇప్పటి రేట్లలో అడుగుకు రెండు వేల పైమాటే. 70 లక్షలు అనుకోండి. మీ దగ్గర 12 ఉన్నాయి.

ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. పిల్లర్లు లేచి, చువ్వలు తుప్పు పట్టి, అలాగే ఆగిపోయిన సేవా సంస్థల కట్టడాలు మీకూ కనిపించే ఉంటాయి. 12 లక్షలతో పూర్తిగా అయ్యే పని ఒకటి ఎంచుకోండి. అది పూర్తి చేయండి.

కృష్ణలంక వాసి
22 సెప్టెంబర్ 2024, రాత్రి 9:03

తాపీ అన్నా, పద్దు మేడం, పలాస అన్నా, చాలా థాంక్స్. పిల్లర్లు లేవనే అనుకుంటున్నాను, రేపు అడుగుతాను. 70 లక్షలు అని చదవగానే కాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. గ్రూపులో పెట్టాను.

డల్లాస్ నుంచి
23 సెప్టెంబర్ 2024, ఉదయం 6:12

మాది గన్నవరం దగ్గర ఊరు, ఇరవై ఏళ్లుగా ఇక్కడే. నేనూ మా ఫ్రెండ్స్ కలిసి ఈజీగా 15 వేల డాలర్లు పోగు చేయగలం. వాసి తమ్ముడి అకౌంట్‌కు పంపిస్తే తను ట్రస్టుకు ఇచ్చేస్తాడు కదా? పద్దు మేడం ఏమంటారు?

లెక్కల పద్దు
23 సెప్టెంబర్ 2024, ఉదయం 8:40

వద్దండీ, ఆ దారి అసలు వద్దు. ముందు ఒక ప్రశ్న: మీ పాస్‌పోర్టు ఏ దేశానిది?

భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నేరుగా ట్రస్టుకు పంపొచ్చు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ట్రస్టు దగ్గర పెట్టుకుంటే మంచిది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, పుట్టింది గన్నవరమైనా, చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్లిచ్చింది విదేశీ విరాళం. అది తీసుకోవాలంటే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోనే పడాలి. ఒక ఎఫ్‌సీఆర్‌ఏ సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా అదే సవరణతో ఆగిపోయింది.

స్నేహితుడి అకౌంట్ ద్వారా తిప్పితే చిక్కుల్లో పడేది ఆ స్నేహితుడు, ఆ హోమ్. అమెరికాలో ఉన్న మీకేం కాదు. ఇక్కడ 36 మంది పిల్లలున్న సంస్థ లైసెన్సు మీదకు వస్తుంది.

డల్లాస్ నుంచి
23 సెప్టెంబర్ 2024, ఉదయం 9:15

నాది అమెరికా పాస్‌పోర్టే మేడం. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా గ్రూపులో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు కొందరున్నారు, వాళ్లను నేరుగా పంపమంటాను. మిగతావాళ్లం ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ ఏదైనా అదే వాడల్లో సొంతంగా పనిచేస్తుంటే వాళ్లకు ఇస్తాం. ఆ ఏరియాలో మునిగిన ఇల్లు ఆ హోమ్ ఒక్కటే కాదు కదా.

సత్తెనపల్లి శీను
23 సెప్టెంబర్ 2024, మధ్యాహ్నం 1:30

నేను కూడా ఆదివారం ఒక హోమ్‌కు వెళ్లి పిల్లలకు బిస్కెట్లు, నోటుబుక్కులు పంచి వచ్చాను. పిల్లల ముఖాలు చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఫొటోలు ఇక్కడ పెడుతున్నాను, చూసి అందరూ ముందుకు రండి.

[ఫొటోలు నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు
23 సెప్టెంబర్ 2024, మధ్యాహ్నం 1:52

శీను గారూ, మీ ఉద్దేశం మంచిదని తెలుసు. కానీ హోముల్లో ఉన్న పిల్లల ముఖం, పేరు, బడి, ఏదీ బయటపెట్టకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. మీ వాట్సాప్ స్టేటస్‌లో ఉన్నా తీసేయండి.

సత్తెనపల్లి శీను
23 సెప్టెంబర్ 2024, మధ్యాహ్నం 2:10

తీసేశానండీ. గ్రూపుల్లో కూడా డిలీట్ చేశాను.

నూజివీడు మామిడి
23 సెప్టెంబర్ 2024, రాత్రి 11:20

ఎప్పుడూ చదవడమే తప్ప ఇక్కడ రాయను. ఫొటోల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను ఒక హోమ్‌లోనే పెరిగాను. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా.

దాతలు వచ్చినప్పుడు మమ్మల్ని వరసలో నిలబెట్టేవారు. ఎత్తు ప్రకారం. ప్రార్థన పాడమనేవారు. ఒక ఫొటో పేపర్లో వచ్చింది, మా క్లాసులో అందరూ చూశారు. అప్పటిదాకా నేను హోమ్‌లో ఉంటానని ముగ్గురికే తెలుసు. ఆ తర్వాత నెలరోజులు లంచ్ టైంలో ఎవరితోనూ కూర్చోలేదు. ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్లు దుప్పట్లు ఇచ్చారు, అవి నిజంగా పనికొచ్చాయి.

వాసి అన్నా, బిల్డింగ్ గురించి అందరూ చెప్తున్నారు. నేను చిన్న విషయాలు చెప్తాను. ప్రతి పిల్లకూ తాళం వేసుకునే ట్రంకు పెట్టె ఒకటి. ఆ పెట్టెలో ఏముందన్నది వేరే విషయం, తాళంచెవి తన మెడలో ఉండాలి. వరదలో ఆ పెట్టెలు పోయుంటే వాటిలో అమ్మ ఫొటో లాంటివి కూడా పోయుంటాయి. దాని గురించి ఎవరూ అడగరు. ఒకసారి మీరు అడగండి. మరుగుదొడ్డికి లోపల గడియ, రాత్రి లైటు, ప్యాడ్లు పారేయడానికి మూత ఉన్న డబ్బా. మా హోమ్‌లో గడియ ఊడిపోతే ఏడాది పాటు ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు కాపలా నిలబడేవాళ్లం.

ఇంకోటి. పుట్టినరోజులకని ఆదివారాలు బిర్యానీ తెచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. జూన్‌లో ఫీజులు కట్టే టైంకి, ట్యూషన్ మేడంకు జీతం ఇచ్చే టైంకి ఎవరూ ఉండరు. నేను డిగ్రీ చదివింది నెలకు ఇంతని మానకుండా పంపిన ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి వల్ల. ఆయన ఒక్కసారి కూడా మా హోమ్‌కు రాలేదు.

బందరు బాబాయి
24 సెప్టెంబర్ 2024, ఉదయం 5:55

అమ్మా, నీ మాటలు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నా ఐదు వేలు ఒకసారి ఇచ్చి ఊరుకునేది కాదు, నెలకు ఐదు వందల లెక్కన నేనున్నంత కాలం ఇస్తాను.

గోదారి గట్టు
24 సెప్టెంబర్ 2024, ఉదయం 10:40

అందరూ మంచి మాటలే చెప్తున్నారు, కానీ నాది వేరే అభిప్రాయం, కోప్పడకండి. బుడమేరు పొంగడం కొత్తా? బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు. గట్టుకు గండ్లు పడితే పూడ్చడానికి ఆర్మీ దిగాల్సి వచ్చింది. ఆక్రమణలు తొలగిస్తామని ప్రభుత్వం అంటోంది. అలాంటి చోట మళ్లీ పిల్లల హోమ్ కట్టడం సబబేనా? ఆ డబ్బు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే సరిపోదా? పిల్లల్ని వేరే హోముల్లో సర్దారు కదా, అక్కడే ఉండనివ్వొచ్చు.

తాపీ లెవెల్
24 సెప్టెంబర్ 2024, ఉదయం 11:25

స్థలం గురించి మీరన్నది సరైన ప్రశ్నే. సర్వే నంబరు, ఎఫ్ఎంబీ (సర్వే శాఖ హద్దుల పటం) చూసి, ఆ స్థలం వాగు హద్దుల్లోకి వస్తుందో లేదో తేలేదాకా పెద్ద కట్టడం జోలికి వెళ్లకూడదు. తేలాక కూడా స్టిల్టు లేకుండా కట్టకూడదు.

వార్డెనమ్మ
24 సెప్టెంబర్ 2024, సాయంత్రం 6:30

పిల్లల రక్షణ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. గోదారి గట్టు గారి ప్రశ్నకు నా జవాబు కాస్త పెద్దది.

పిల్లల్ని హోమ్‌లో చేర్చాలన్నా, మార్చాలన్నా, ఇంటికి పంపాలన్నా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు కావాలి. దాతలు తేల్చే విషయం కాదు, హోమ్ నిర్వాహకులు తేల్చేది కూడా కాదు. ఇప్పుడు సర్దిన హోమ్‌లో ఎంతమందికి అనుమతి ఉందో, ఎంతమందిని కుదించి పెట్టారో చూడాలి. బడి దూరమైపోయిన పిల్లలు మధ్యలోనే చదువు వదిలేస్తారు, ముఖ్యంగా తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు. అందుకే వాళ్లను వాళ్ల బడికి దగ్గరగా తేవడం ముఖ్యం. అదే స్థలంలోనా, అద్దె ఇంట్లోనా అన్నది తర్వాత.

వాసీ, నువ్వు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ 36 మందిలో అమ్మో, నాన్నో, అమ్మమ్మో ఉన్నవాళ్లు ఎందరు? నా అనుభవంలో హోముల్లో చాలామంది పిల్లలకు ఎవరో ఒకరు ఉంటారు. తల్లి ఒంటరిది, ఇళ్లలో పనిచేస్తుంది, బిడ్డను రాత్రి వదిలి వెళ్లలేక హోమ్‌లో పెడుతుంది. ఇప్పుడు వరదలో ఆ తల్లి కుట్టుమిషన్ పోయుంటుంది, తోపుడుబండి పోయుంటుంది. ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు ప్రకటించింది. అద్దెకు ఉన్నవాళ్లకు అది అందిందో లేదో కనుక్కోండి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఒకటుంది, ఇంట్లోనే పెరిగే బిడ్డకు నెలకు 4 వేలు. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96 వేలు దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ అధికారి దగ్గర దరఖాస్తు చేయాలి. అది రాయించడానికి, తిరగడానికి ఆ తల్లులకు తోడు కావాలి. మీ బ్యాచ్‌లో విజయవాడలో ఉన్న పదిమంది ఆ పని చేస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

విపత్తు వచ్చిన ప్రతిసారీ పిల్లల్ని పోగు చేసేవాళ్లు వస్తారు. 2010లో హైతీ భూకంపం తర్వాత పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని అనాథలని చెప్పి దేశం దాటించబోయి పట్టుబడ్డారు. వాళ్లలో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారు. 2015లో నేపాల్ భూకంపం తర్వాత అక్కడి ప్రభుత్వం పెద్దల తోడు, అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆంక్ష పెట్టింది. మన దగ్గర కూడా ఎవరైనా "మేం పెంచుకుంటాం, తీసుకెళ్తాం" అని వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

అవనిగడ్డ మాస్టారు
25 సెప్టెంబర్ 2024, ఉదయం 9:00

వార్డెనమ్మ గారికి నమస్కారం. నేను దివిసీమ ఉప్పెన చూసినవాణ్ని. 1977 నవంబర్ 19. అప్పటికి నాకు కొత్తగా ఉద్యోగం. కోడూరు, నాగాయలంక వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. బడి తెరిచాక హాజరు పట్టీ పిలుస్తుంటే పలకని పేర్లే ఎక్కువ. ఒక్కో పేరు దగ్గర ఆగి, పక్క పిల్లవాడి వైపు చూస్తే వాడు తల అడ్డంగా ఊపేవాడు.

మిగిలిన పిల్లల్లో చాలామందిని మేనత్తలు, పెదనాన్నలు, అమ్మమ్మలు చేరదీశారు. తమకే గూడు లేనివాళ్లు. దేశం నలుమూలల నుంచి సంస్థలు వచ్చి ఇళ్లు కట్టాయి, వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ మేనత్తలకు, అమ్మమ్మలకు నెలనెలా ఒక రూపాయి ఇచ్చే దారి అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఒక ముసలమ్మ ముగ్గురు మనవళ్లను కూలికి వెళ్లి పెంచింది. వాళ్లలో పెద్దవాడు ఏడో తరగతి దగ్గర మానేశాడు. చురుకైన పిల్లవాడు, లెక్కలు నోటితో చేసేవాడు. వాడు బడి మానిన సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. నెలకు 4 వేలు అని అమ్మ రాసింది చదివి నాకు కళ్లు చెమర్చాయి.

గోదారి గట్టు గారూ, సహాయ నిధికి ఇవ్వడం మంచిదే, ఇవ్వండి. ఆ పిల్లల్ని తెలిసినవాళ్లు కూడా వాళ్ల వెంట ఉండాలి.

గోదారి గట్టు
25 సెప్టెంబర్ 2024, ఉదయం 9:48

మాస్టారూ, అర్థమైంది. అమ్మ చెప్పినట్టు తల్లులకు దరఖాస్తులు రాయించే పనికి నేను వస్తాను. రాజమండ్రి నుంచి రైలెక్కితే రెండున్నర గంటలు.

కృష్ణలంక వాసి
6 అక్టోబర్ 2024, రాత్రి 8:15

ఇన్ని రోజులు రాయనందుకు ఏమీ అనుకోకండి, తిరుగుడే సరిపోయింది. అందరూ చెప్పినవి ఒక్కొక్కటీ కనుక్కున్నాం.

రిజిస్ట్రేషన్ ఉంది, గడువు కూడా ఉంది. స్థలం ట్రస్టు పేరునే ఉంది, ఈసీ తీయించాం. ఎఫ్‌సీఆర్‌ఏ లేదు. బిల్డింగ్‌కు పిల్లర్లు లేవు, తాపీ అన్న అనుకున్నట్టే. అన్న స్వయంగా వచ్చి చూశారు. సుత్తితో కింది ఇటుక మీద కొడితే పెచ్చు ఊడి వచ్చింది. అందులో పిల్లల్ని పడుకోబెట్టడానికి వీల్లేదని నిర్వాహకులతో నేరుగా చెప్పారు. సర్వే కొలతలు ఇంకా కాలేదు.

36 మందిలో 23 మందికి తల్లి గానీ, తండ్రి గానీ, దగ్గరి బంధువు గానీ ఉన్నారు. ఇది విని మా గ్రూపులో అందరూ ఆశ్చర్యపోయారు. కొన్నేళ్లుగా వెళ్తున్నాం, ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు.

అందుకని ఇలా అనుకున్నాం. పిల్లల బడికి దగ్గరలో, వరద రాని వీధిలో, రెండంతస్తుల ఇల్లు ఏడాదికి అద్దెకు తీసుకోవడం. అధికారులు వచ్చి చూసి, కమిటీ ఒప్పుకుంటేనే పిల్లలు అందులోకి వస్తారు. అద్దె మేం భరిస్తాం. ఆ ఇంట్లో మరుగుదొడ్లు, స్నానాల గదులు చాలవు, అవి మేం కట్టించుకోవడానికి ఇంటి ఓనర్ ఒప్పుకున్నారు. ట్రంకు పెట్టెలు, మంచాలు, దోమతెరలు, వంట సామాను, ఇన్వర్టర్. మిగిలింది అలాగే ఉంచి, సొంత స్థలం సంగతి తేలాక పునాదికి వాడతాం. అప్పటికి కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకు కూడా ప్రయత్నిస్తాం.

లెక్కల పద్దు
6 అక్టోబర్ 2024, రాత్రి 9:10

చాలా మంచి నిర్ణయం. రెండు మాటలు. ఓనర్ ఇంట్లో మరుగుదొడ్లు మీరే కట్టిస్తున్నారు కాబట్టి ఆ ఖర్చు అద్దెలో ఎంత తగ్గిస్తారో అగ్రిమెంటులో రాయించు. సీఎస్‌ఆర్ కావాలంటే ట్రస్టు సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ పని నేను ఉచితంగా చేసి పెడతాను. బిల్లులు అన్నీ ట్రస్టు పేరు మీదే తీసుకోండి.

నూజివీడు మామిడి
6 అక్టోబర్ 2024, రాత్రి 10:35

గడియలు మర్చిపోకండి అన్నా. పదో తరగతి పాసైన అక్కల మార్కుల మెమోలు తడిసిపోతే భయపడొద్దని చెప్పండి, డిజిలాకర్‌లో దొరుకుతాయి. మిగతావాళ్లకు బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు మళ్లీ తీసుకోవచ్చు. కావాలంటే నేను వచ్చి ఆ పిల్లలతో కూర్చుని అప్లికేషన్లు పెట్టిస్తాను. సెలవు పెడతాను.

కృష్ణలంక వాసి
6 అక్టోబర్ 2024, రాత్రి 10:41

తప్పకుండా రా అమ్మా. నువ్వొస్తే వాళ్లు మాకు చెప్పనివి నీకు చెప్తారు.

కృష్ణలంక వాసి
5 జనవరి 2025, సాయంత్రం 5:20

అందరికీ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. కమిటీ ఉత్తర్వు వచ్చింది. 31 మంది పిల్లలు డిసెంబర్‌లో అద్దె ఇంట్లోకి వచ్చారు. ఐదుగురు తల్లుల దగ్గరకే వెళ్లారు. గోదారి గట్టు గారూ, వార్డెనమ్మ గారూ తిరిగి తిరిగి దరఖాస్తులు పెట్టించిన కుటుంబాలవి. స్పాన్సర్‌షిప్ మంజూరయ్యేదాకా ఆ ఐదుగురికీ నెలనెలా ఇచ్చేది మా బ్యాచ్, బందరు బాబాయి గారు కలిసి చూస్తున్నాం. ఒక అమ్మకు కుట్టుమిషన్ కొన్నాం.

మరుగుదొడ్లు ఆరు, స్నానాల గదులు నాలుగు పూర్తయ్యాయి. అన్నింటికీ లోపల గడియలు, పైన లైట్లు. ట్రంకు పెట్టెలు ఇచ్చినప్పుడు ఫొటోలు తీయలేదు. తాళంచెవి పోతే ఎలా అని ఒక చిన్నది అడిగితే నూజివీడు చెల్లి రెండో తాళంచెవికి దారం కట్టి ఆయమ్మ దగ్గర దాచే ఏర్పాటు చేసింది.

సర్వే వాళ్లు వచ్చి కొలిచారు, రిపోర్టు రావాలి. అది అనుకూలంగా ఉంటే స్టిల్టు మీద కట్టడానికి తాపీ అన్న డ్రాయింగ్ వేసిపెట్టారు. అనుకూలంగా లేకపోతే ఆ స్థలం వదిలేసి వేరే చోట చూస్తామని ట్రస్టు వాళ్లు రాతపూర్వకంగా ఇచ్చారు. ఖర్చుల పట్టిక, బిల్లుల కాపీలు విరాళం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మెయిల్ చేశాం. ఇంకా 4 లక్షల 10 వేలు ట్రస్టు అకౌంట్‌లో ఉన్నాయి.

సంక్రాంతికి బట్టలు తెస్తామని చాలామంది అడుగుతున్నారు. బట్టలు సరిపడా ఉన్నాయండీ. లెక్కలు, సైన్సు చెప్పే ట్యూషన్ మేడం ఒకరు కావాలి, పదో తరగతి వాళ్లు నలుగురున్నారు, మార్చిలో పరీక్షలు. జీతం మేం ఇస్తాం. సింగ్ నగర్ వైపు తెలిసినవాళ్లుంటే చెప్పండి.

అవనిగడ్డ మాస్టారు
5 జనవరి 2025, సాయంత్రం 6:05

వాసీ, లెక్కలు నేను చెప్తాను. మా అబ్బాయి ఇల్లు అజిత్ సింగ్ నగర్‌లోనే, పరీక్షలయ్యేదాకా అక్కడే ఉంటాను. జీతం వద్దు. సైన్సుకు మాత్రం మేడంను చూడండి, ఆ డబ్బు ఆవిడకు ఇవ్వండి. పోలీసు వెరిఫికేషన్ లాంటివి ఏమేం కావాలో వార్డెనమ్మ గారిని అడిగి నాకు చెప్పు, సోమవారం వచ్చి కాగితాలు ఇస్తాను.